పేర్ల సారు

ఎవరికైనా పేరు పెట్టబోయే ముందు కుప్పుస్వామి కళ్ళద్దాలు తీసేవాడు. పంచె అంచుతో వాటిని తుడిచేవాడు. మళ్ళీ పెట్టుకోకుండా, కుడిచేతి చూపుడు వేలితో గాలిలో ఏదో రాసేవాడు. రాసింది బాగుందో లేదో కాసేపు చూసేవాడు. బాగాలేకపోతే అరచేత్తో ఆ గాలిని చెరిపి మళ్ళీ రాసేవాడు. ఆ తర్వాతే నోరు తెరిచేవాడు.

ఆయన పేరు పెట్టకుండా వదిలేసిన మనిషి ఏటిమిట్టలో దాదాపు లేడు. మనుషులైపోయాక వస్తువుల మీద పడ్డాడు. గ్రంథాలయంలో తల ఒకవైపే తిప్పే టేబుల్ ఫ్యాను మలయమారుతం. వాన వస్తే నాలుగు చోట్ల కారే వెనక గది జలమందిరం. ఒక కాలు పొట్టిదై, మోచెయ్యి ఆనిస్తే చాలు ఊగే బల్ల నృత్యసుందరి. ఊరు మాత్రం ఊరుకుంటుందా? ఆయనకూ ఒకటి పెట్టింది. పేర్ల సారు.

ఏటిమిట్ట పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే దారికి కాస్త పక్కగా ఉంటుంది. పగలంతా పవర్‌లూమ్ మగ్గాలు టకటకలాడే ఊరు. అక్కడ మాట్లాడాలంటే గొంతు పెంచాలి. చదవాలంటే చెవులు మూసుకోవాలి. అటువంటి ఊళ్ళో ఒక శాఖా గ్రంథాలయం, దానికొక గ్రంథపాలకుడు కుప్పుస్వామి, దానికొక చీపురు, ఆ చీపురుకు మునెమ్మ. ఆయన తొంభైలో బదిలీ మీద వచ్చాడు. ఒంటి మనిషి. మునెమ్మ అప్పటికే రెండేళ్ళుగా అక్కడ ఊడుస్తోంది.

"మీ సారుకు పిచ్చా?" అని ఎవరైనా అడిగితే మునెమ్మ ఒప్పుకునేది కాదు. "పిచ్చయితే మందుండాది. ఇది సదువు" అనేది.

వచ్చిన మొదటి వారంలోనే ఆయన కళ్ళద్దాలు తీసి ఆమె వైపు తిరిగాడు. ఆమె జలమందిరంలో కారే చోట్ల కింద బకెట్లు సర్దుతోంది. వేలు పైకి లేచింది.

"నాకొద్దు సార్" అంది మునెమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"ఎందుకమ్మా?"

"మా యమ్మ ఒకటి పెట్టింది సార్. మునెమ్మ అని. అదే ఇంతవరకూ ఎవురూ వాడలా. ఏమ్మే అంటారు, ఓ చీపురుదానా అంటారు. మా ఆయన ఉన్నన్నాళ్ళు యాడ సచ్చినావే అనేటోడు. పెట్టెలో చీర పెట్టెలోనే ఉండాది. ముందు అది కట్టి చిరగనీండి. కొత్తది తర్వాత సూస్తాం."

ఆయన వేలు దించాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "సరే, మునెమ్మ గారూ" అన్నాడు.

ఆ రోజు మొదలు. "మునెమ్మ గారూ, పేపరొచ్చిందా మునెమ్మ గారూ?" "మునెమ్మ గారూ, వాన పడేట్టుంది మునెమ్మ గారూ." ఒకసారి పుస్తకాల బీరువా కింద నుంచి తేలు వచ్చింది. ఆయన చూశాడు. "మునెమ్మ గారూ, మీ కుడికాలి దగ్గర, మునెమ్మ గారూ, తేలు, మునెమ్మ గారూ" అన్నాడు. ఒక్క మునెమ్మ గారూ తగ్గించి ఉంటే తేలు చీపురుకు దొరికేది. అది తీరిగ్గా గోడ సందులోకి వెళ్ళిపోయింది.

"ఒక్కతూరి పిలిస్తే సాలదా సార్? నాకేం సెవుడా?"

"ఉండనీండి మునెమ్మ గారూ."

దాన్ని ఆమె ఆఫీసు భాష అనుకుంది. తాను అన్న మాట తానే మరిచిపోయింది.

తొంభై మూడులో ఆయన పాత మోపెడ్ ఒకటి కొన్నాడు. కొన్నాక నాలుగు రోజులు దాన్ని కదిలించలేదు. గ్రంథాలయం ముందు నిలబెట్టి, దాని చుట్టూ తిరుగుతూ గాలిలో రాస్తున్నాడు, చెరుపుతున్నాడు.

"నాలుగు దినాలుగా ఏం సార్ అది?"

"బండికి పేరు, మునెమ్మ గారూ. నేను పైకి చదివే ఆ పాత పుస్తకంలో పెద్దాయనకు గుర్రం పేరు కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. మోపెడ్‌కు అంతకంటే తక్కువ తీసుకుంటే మర్యాద కాదు."

"బండికి పేరెందుకు సార్? పెట్రోలు పొయ్యండి. కదుల్తాది."

"పెట్రోలుతో కదులుతుంది మునెమ్మ గారూ. పేరుతో బయల్దేరుతుంది."

ఐదో రోజు దాని మీద ఎర్ర రంగుతో గగనగామి అని రాశాడు. బయల్దేరాడు. ఊరి చివర మిట్ట ఎక్కలేక అది సగంలో ఆగిపోయింది. అటుగా కట్టెలు తెస్తున్న మునెమ్మ మోపు దించి, వెనక నుంచి తోసింది. "ఆకాశంలో పొయ్యేదాన్ని నేల మీద తోసే రాత నాది" అని తిడుతూనే మిట్ట ఎక్కించింది. తర్వాతి తొమ్మిదేళ్ళలో గగనగామి ఆ మిట్టను సొంతంగా ఎక్కిన దాఖలా లేదు.

మనుషుల పేర్లు ఇంతకంటే బాగా నడిచాయి.

కుప్పయ్య సైకిలు మీద బన్నులు అమ్మేవాడు. కుడికాలు చిన్నప్పటి నుంచి సన్నం. కార్డు కావాలని వచ్చాడు. ఫారం మీద "పేరు?" అని అడిగితే, "కుంటి కుప్పయ్య" అన్నాడు. ఇంటిపేరు చెప్పినంత మామూలుగా అన్నాడు. కుప్పుస్వామి పెన్ను మూత పెట్టాడు. కళ్ళద్దాలు తీశాడు. రెండుసార్లు గాలి చెరిపాడు. కార్డు మీద వాయువేగ కుప్పయ్య అని రాసి చేతికిచ్చాడు.

ఊరు పడి పడి నవ్వింది. నెల రోజులు నవ్వింది. కానీ నవ్వడానికైనా ఆ పేరు పలకాలి కదా. నెల తిరిగేసరికి నవ్వు పోయింది, పేరు మిగిలింది. కుప్పయ్య కూడా పేరుకు తగ్గట్టు తొక్కడం మొదలుపెట్టాడు. పుత్తూరు బస్సు ఏటిమిట్ట చేరేసరికి ఆయన అప్పటికే సగం బన్నులు అమ్మేసి ఉండేవాడు.

చిన్నబ్బ సంగతి వేరు. చిన్నబ్బకు ఊళ్ళో ఉన్న పేరు దొంగ చిన్నబ్బ. అది ఉత్త పేరు కాదు, వృత్తి. కుప్పుస్వామి ఆయనకు కోటకావలి చిన్నబ్బ అని పెట్టాడు. వారం తిరక్కుండా చిన్నబ్బ కోపంగా వచ్చాడు.

"ఏం సార్, నా పని చెడగొట్టినావు."

"ఏమైంది చిన్నబ్బ గారూ?"

"గోవిందు తోటలో మామిడికాయలు కోస్తా ఉండా. పిల్లకాయలు సూసి, కోటకావలి మామొచ్చినాడని దండం పెట్టిరి సార్! దండం పెట్టినోళ్ళ ముందర ఎట్ల కొయ్యాల నేను?"

"మరేం చేశారు?"

"ఏం జేసేది? పిల్లకాయల్నే తరుముకున్నా, కాయలు కోస్తారేమో అని."

ఆ సంగతి గోవిందుకు తెలిసింది. తర్వాతి కాపుకు చిన్నబ్బను తోట కావలికి పెట్టుకున్నాడు. ఆ ఏడాది గోవిందు తోటలో ఒక్క కాయ పోలేదు. చుట్టుపక్కల తోటల్లో కూడా పోలేదు, ఎందుకంటే పోగొట్టేవాడు ఇక్కడ కాపలా ఉన్నాడు.

గ్రంథాలయం ఎదురింటి దేవకమ్మ గొంతెత్తితే మగ్గాలు వినపడవు. ఆమెను గయ్యాళి అనేవారు. కుప్పుస్వామి న్యాయభేరి దేవకమ్మ అని పెట్టాడు. పేరు వచ్చాక ఆమెకొక చిక్కొచ్చింది. న్యాయం అన్నాక రెండు పక్కలా వినాలి. అంతవరకూ ఒక పక్క కూడా వినకుండానే తిట్టేది. ఇప్పుడు ఇద్దర్నీ కూర్చోబెట్టి, చివరిదాకా విని, ఇద్దర్నీ తిట్టడం మొదలుపెట్టింది. చాలా తగాదాలు అక్కడే తెగిపోయేవి.

దేవకమ్మ మేక ఒకరోజు లోపలికొచ్చి ఆ నాటి దినపత్రిక తినేసింది. మునెమ్మ చీపురు ఎత్తింది. కుప్పుస్వామి ఆమెను ఆపి, మిగిలిన ముక్క అందుకుని చూశాడు.

"సంపాదకీయం ఒక్కటే వదిలేసింది మునెమ్మ గారూ. దీనికి అభిరుచి ఉంది."

కళ్ళద్దాలు తీశాడు. మేక పేరు విమర్శకాగ్రేసరుడు అయింది.

ఆ రోజు మునెమ్మకు నిజంగా కోపమొచ్చింది. సాయంత్రం తాళం వేసేటప్పుడు అంది, "మేకకు గూడా పెడితిరి గదా సార్."

"అది వద్దనలేదు మునెమ్మ గారూ" అన్నాడాయన.

ఇది కాక ఆయనకు ఇంకొక అలవాటుండేది. గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. పదకొండుకు జనం వెళ్ళిపోయాక మునెమ్మ ఊడ్చి, బీరువాలు తుడిచేది. ఆ గంటా ఆయన ఇంటికి పోకుండా నృత్యసుందరి దగ్గర కూర్చుని పుస్తకం పైకి చదివేవాడు. మెల్లగా కాదు. మగ్గాల చప్పుడు మీద నుంచి, వెనక గదిలోకి కూడా వినపడేట్టు.

"మనసులో సదువుకోరాదా సార్?" అని ఆమె మొదట్లో అడిగింది.

"మనసులో చదివితే నాకు వినపడదు మునెమ్మ గారూ."

సరే, ఒంటి మనిషి, ఇంట్లో పలికే దిక్కు లేదు, ఇక్కడ అరుచుకోనీ అనుకుంది. రాను రాను ఆమె తుడుపు నెమ్మదించింది. ఒక్కొక్క బీరువాను మూడుసార్లు తుడిచేది. కథ మంచి పట్టులో ఉంటే తుడిచినదాన్నే నాలుగోసారి తుడిచేది. ఏటిమిట్ట గ్రంథాలయంలో ఉన్నంత శుభ్రమైన బీరువాలు జిల్లాలో మరెక్కడా లేవు.

అన్నింటికంటే ఎక్కువసార్లు చదివింది అట్ట లేని ఒక పాత పుస్తకం. మొదటి పుటలు కూడా లేవు. ఎక్కడిదో, ఎవరు రాసిందో చెప్పే కాగితమే పోయింది. వీరుల కథలు చదివి చదివి తానూ వీరుడినే అనుకుని బయల్దేరిన ఒక ముసలాయన కథ. తనకు, గుర్రానికి, ఎన్నడూ చూడని ప్రియురాలికి కొత్త పేర్లు పెట్టుకుని కానీ ఆయన గడప దాటలేదు. సారుకు ఈ పేర్ల తెగులు ఆ పుస్తకం నుంచే అంటుకుందని మునెమ్మ నమ్మకం.

రెండు వేల రెండు, మామిడికాయలు దిగే రోజులు. జనం తక్కువ వచ్చే శాఖలు మూసెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తనిఖీకి చిత్తూరు నుంచి తిరుమలయ్య అనే అధికారి వచ్చాడు. ఆర్నెల్లలో ఏడు శాఖలు మూయించిన మనిషి. ఈ శాఖ మూస్తే పుస్తకాలు లారీలో పుత్తూరుకు, సారు ఇంకో ఊరికి, చీపురు మునెమ్మ ఇంటికి. ఆ మాట గుమాస్తా ఒకడు ముందే చెప్పిపోయాడు. మునెమ్మ పొద్దున్నుంచి అదే తలుచుకుంటోంది. పని పోతే ఇంకో పని దొరుకుతుంది. పదకొండు గంటల పొద్దు యాడ దొరుకుతాది?

తిరుమలయ్య నృత్యసుందరి మీద సభ్యుల రిజిస్టరు తెరిచాడు. అది ఊగింది. ఆయన రిజిస్టరును చివరి నుంచి చదవడం మొదలుపెట్టాడు.

"వాయువేగ కుప్పయ్య. కోటకావలి చిన్నబ్బ. న్యాయభేరి దేవకమ్మ. ఆచితూచి బాలచంద్ర." తలెత్తాడు. "ఇది గ్రంథాలయమా, నాటక సమాజమా?"

"గ్రంథాలయమే సార్" అన్నాడు కుప్పుస్వామి.

"నూట నలభై మంది సభ్యులు. ఒక్కటీ మనిషి పేరు కాదు. అన్నీ దొంగ చేర్పులు."

తిరుమలయ్య పుటలు తిప్పుతూ మొదటి పుటకు వచ్చాడు. ఆయన ముఖం కాస్త తేలికపడింది.

"ఇదిగో, ఒకటో నంబరు. ఇదొక్కటే నిజమైన పేరు. పుస్తకాలిచ్చిన ఇష్యూ రిజిస్టరు ప్రకారం వారానికొక పుస్తకం. పన్నెండేళ్ళలో ఆరువందల పదకొండు! ఇటువంటి పాఠకురాలు ఉంటే శాఖ మూయబుద్ధి కాదు. ఎవరీమె? పిలిపించండి."

"ఇక్కడే ఉన్నారు సార్."

"ఎక్కడ?"

"మీరు కాళ్ళు ఎత్తిపట్టుకున్నది ఆమె ఊడ్చడానికే సార్."

తిరుమలయ్య కిందికి చూశాడు. బల్ల కింద నుంచి మునెమ్మ పైకి చూసింది.

"మునెమ్మ అంటే నువ్వేనా?"

"నేనే సార్."

"ఈ పుస్తకాలన్నీ చదివావా?"

మునెమ్మకు అబద్ధం ఆడడం రాదు. ఆడాలని ఆ క్షణాన తోచలేదు కూడా. "నాకు సదువు రాదు సార్" అంది.

తిరుమలయ్య రిజిస్టరు మూశాడు. ఉన్న ఒక్క నిజమైన పేరూ అన్నింటికంటే పెద్ద దొంగ చేర్పు అయింది.

"ఇక చాలు కుప్పుస్వామీ. మధ్యాహ్నం భోంచేసి నివేదిక రాస్తాను. సాయంత్రం బస్సుకు పోతాను."

కుప్పుస్వామి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వేలు మాత్రం లేవలేదు. ఆ వేలు లేవకపోవడం మునెమ్మ పన్నెండేళ్ళలో చూడలేదు. తన నోటి మాటతోనే సారు కొంప మునిగింది. ఆమె చీపురు మూలన పెట్టి, ఎండలో చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తింది.

నాలుగు గంటలకు తిరుమలయ్య నివేదిక సగం రాసి తలెత్తాడు. ఏదో తేడాగా ఉంది. చెవులు గుయ్యిమంటున్నాయి.

"ఏమిటిది? మగ్గాల చప్పుడు ఆగింది. కరెంటు పోయిందా?"

"ఫ్యాను తిరగతా ఉండాది గదా సార్" అంది మునెమ్మ గుమ్మంలో నిలబడి, రొప్పుతూ. "మీరు పేర్లు పిలవండి. అందరూ వచ్చినారు."

గుమ్మం బయట ఊరు నిలబడి ఉంది. మగ్గాల దగ్గర నుంచి వచ్చినవాళ్ళ తలల నిండా దూది నూగు.

తిరుమలయ్య రిజిస్టరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. "వాయువేగ కుప్పయ్య."

"ఉండా సార్." అందరికంటే దూరాన నగరి దారిలో ఉన్నవాడు అందరికంటే ముందు వచ్చాడు.

"కోటకావలి చిన్నబ్బ."

"ఉండా సార్. బిరీన తేల్చండి, తోట వదిలేసి వచ్చినా. ఊళ్ళో నమ్మేదానికి ల్యా."

"న్యాయభేరి దేవకమ్మ."

"ఇదిగో!" అంది దేవకమ్మ. ఫ్యాను ఒకసారి అదిరింది. "ఏం సార్, మా సారును దొంగ అన్నావంట? నీ మాట నువ్వు చెప్పు, ఆయన మాట ఆయన చెప్తాడు, రెండూ విన్నాక అప్పుడు తిడతా."

"ఆచితూచి బాలచంద్ర. ఆఖరున ఏం పుస్తకం తీసుకున్నారు?"

మగ్గం నేసే బాలచంద్ర ముందుకొచ్చాడు. "నే... నే... నే..." అన్నాడు. తిరుమలయ్య, మాట అందిద్దామని, "నేతపని గురించా?" అన్నాడు.

"ఆగు సార్" అంది దేవకమ్మ. "ఆయప్ప ఆచితూచి మాట్లాడతాడు. తొందరపడగూడదు."

అందరూ ఆగారు. ఎవరూ నవ్వలేదు. బాలచంద్ర తీరిగ్గా, "నేలమాళిగ రహస్యం, రెండో భాగం" అన్నాడు.

అరవైమంది దాకా పలికాక తిరుమలయ్య చెయ్యెత్తాడు. "సరే. సభ్యులున్నారు. పేర్లు ఎట్లున్నా మనుషులు నిజమే. కానీ ఈ ఒకటో నంబరు? చదువు రాని మనిషి పేరున ఆరువందల పుస్తకాలు. దీన్నేమని రాయమంటారు?"

ఆయన మునెమ్మ వైపు తిరిగాడు. ఇష్యూ రిజిస్టరు మీద వేలు పెట్టాడు. "అట్ట లేని పాత నవల ఒకటి. పద్నాలుగు సార్లు తీసుకున్నట్టుంది. అందులో ఏముంది, చెప్పు చూద్దాం."

"అట్ట లేందా? దొరసామి కథ" అంది మునెమ్మ. భయం ఎటు పోయిందో పోయింది. కొంగు బొడ్లో దోపింది. "కార్వేటినగరం కోటకు ఆపక్క ఊరు సార్ ఆయనది. పుస్తకాలు జాస్తిగా సదివి బుర్ర కాగిపోయినాది. తాతల నాటి ఈటె ఎత్తుకోని, సన్నరాయుడనే బక్క గుర్రమెక్కి, అన్యాయం యాడుంటే ఆడికి పోతానని బయల్దేరినాడు. ఎనకాల గాడిద మీద ముత్యాలప్ప. ముత్యాలప్పకు ఆకలి జాస్తి, బుద్ధి అంతకన్నా జాస్తి. పులికాట్‌లో నీకొక లంక రాసిస్తా రా అని దొరసామి ఆశ పెడితే నమ్మి పొయ్యినాడు. ముత్యాలప్ప పెండ్లాం మాత్రం నమ్మలా. చింతపండు పులుసు కాంచి పెట్టి, లంక వచ్చినాక అన్నం తిందురుగానీ, ఇప్పుడు పులుసు తాగండి అనింది..."

తిరుమలయ్య పెన్ను ఆగింది. "ఆగమ్మా. నేను కాలేజీలో చదివాను ఇది. స్పెయిన్ దేశపు కథ కదా?"

"స్పెయిన్ యాడుండాది సార్? నాగలాపురం దాటినాకనా?"

"సముద్రాలు దాటినాక."

"అయితే అది వేరే సార్. రాక్షసులనుకోని దొరసామి పొయ్యి గుద్దుకున్న గాలిమరలు నేను కండ్లారా సూసినా. తిరుమల కొండ మీద ఇప్పటికీ తిరగతా ఉండాయి."

"అందులో పేర్లు ఇవి కావే!"

"ఆ పేర్లు మూరెడు మూరెడున్నాయి సార్" అన్నాడు కుప్పుస్వామి. ఆ రోజు ఆయన తనంతట తాను మాట్లాడింది అప్పుడే. "వినేవాళ్ళ గడప దాటి లోపలికి రాలేకపోతున్నాయి. అందుకని ఇక్కడి పేర్లు పెట్టాను. పుస్తకంలో అందరికీ పెట్టాను. గొర్రెలను మాత్రం వదిలేశాను."

"వినేవాళ్ళా?"

"ఆమె చదవలేదు సార్. విన్నారు. రిజిస్టర్లో విన్నవాళ్ళకు గడి లేదు. చదివినట్టు రాశాను. తప్పు నాదే."

మునెమ్మ చేతిలో చీపురు లేదు. ఉంటే బాగుండేది. పదకొండు గంటల పొద్దు, గొంతు చించుకుని చదవడం, మనసులో చదివితే నాకు వినపడదనడం, అన్నీ వరసగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి.

తిరుమలయ్య రిజిస్టరును కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇంకొకటి. ఇక్కడ మునెమ్మ గారు అని ఉంది. రిజిస్టర్లో గారు అని ఎవరైనా రాస్తారా? ఊళ్ళో అందరికీ బిరుదులిచ్చారు, ఈమెకు ఇంతేనా?"

"ఇవ్వబోతే వద్దన్నారు సార్. వాళ్ళమ్మ పెట్టిన పేరును ఎవరూ వాడలేదట. పెట్టెలో చీర పెట్టెలోనే ఉంది, ముందు అది కట్టి చిరగనీయమన్నారు." కుప్పుస్వామి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పన్నెండేళ్ళుగా వాడుతున్నాను. రోజుకు ఇరవైసార్లకు తగ్గకుండా. ఇంకా చిరగలేదు సార్."

అందరూ మునెమ్మ వైపు చూశారు.

"అందుకా సార్, ఆ పొద్దు తేలును పోనిచ్చినారు?" అంది ఆమె.

ముందు నవ్వింది కుప్పయ్య. ఆ తర్వాత ఊరు. దేవకమ్మ నవ్వుకు మలయమారుతం జీవితంలో మొదటిసారి తలను రెండోవైపు తిప్పింది.

తిరుమలయ్య రాసిన సగం నివేదికను చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త కాగితం తీసుకుని, శాఖలో సభ్యులందరినీ చూశాననీ, ఒకటో నంబరు సభ్యురాలిని స్వయంగా పరీక్షించాననీ, ఈ శాఖను కొనసాగించాలనీ రాశాడు. బస్సుకు ఇంకా టైముంది. ఆ అట్ట లేని పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, "చదివి చాలా ఏళ్ళయింది. ఇది తీసుకుపోయి పంపిస్తాను" అన్నాడు.

"కార్డు ల్యాకుండా ఇయ్యం సార్" అంది మునెమ్మ.

తిరుమలయ్య ఆమెను చూశాడు, సారును చూశాడు, కూర్చుని ఫారం అందుకున్నాడు.

"పేరు?" అన్నాడు కుప్పుస్వామి.

"తిరుమలయ్య." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఆఫీసులో వెనకాల మాత్రం మూతల తిరుమలయ్య అంటారు" అన్నాడు.

కుప్పుస్వామి పెన్ను మూత పెట్టాడు. కళ్ళద్దాలు తీశాడు. వేలు లేచింది. గాలిలో రాశాడు, చూశాడు, చెరిపాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపాడు.

"బస్సు పోతాది సార్" అంది మునెమ్మ.

"దీనికి నాలుగు రోజులు పడుతుంది" అన్నాడు కుప్పుస్వామి. "పుస్తకం తీసుకెళ్ళండి, కార్డు పోస్టులో పంపిస్తాను."

మరునాడు పొద్దున మునెమ్మ ఏడున్నరకు వచ్చేసరికి గ్రంథాలయం తలుపులు తీసి ఉన్నాయి. నృత్యసుందరి పక్కన రెండో కుర్చీ వేసి ఉంది. లోపల కుప్పుస్వామి పంచె ఎగ్గట్టి ఊడుస్తున్నాడు. చీపురును ఈటెలా పట్టుకున్నాడు. ఒక మూలలోని దుమ్ము ఇంకో మూలకు క్షేమంగా చేరుతోంది.

"ఏం పని సార్ ఇది!"

"కూర్చోండి మునెమ్మ గారూ. ముత్యాలప్ప పెండ్లాం పులుసు కాచిన సంగతి ఆ పుస్తకంలో లేదు. రాత్రంతా గుర్తు చేసుకున్నాను. నేనెక్కడా చదవలేదు."

"ల్యాకుంటే ఉండాల సార్. ఆకలిగొన్న మొగుడు ఇంటికొస్తే ఆమె ఏం జేస్తాది మరి?"

"అదే. పుస్తకం తిరుమలయ్య గారు తీసుకుపోయారు. మిగిలింది మీ దగ్గరే ఉంది. మీరు చెప్పండి, నేను వింటాను మునెమ్మ గారూ."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె పద్నాలుగేళ్ళుగా దుమ్ము తుడిచిందే కానీ కూర్చోలేదు. కొంగు సర్దుకుంది. మగ్గాల చప్పుడు మొదలైంది. దాని మీద నుంచి వినపడేట్టు గొంతు పెంచి, "ముత్యాలప్ప పులుసు తాగినాడు" అని మొదలుపెట్టింది.

కుప్పుస్వామి ఊడవడం ఆపాడు. చేతిలోని చీపురు వైపు చూశాడు. కళ్ళద్దాలు తీశాడు. వేలు లేచింది.

"దానికొద్దు సార్" అంది మునెమ్మ. "మూల ఊడ్చండి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి, మూల ఊడ్చాడు.